చెప్పని ఖలాస్

సాయంత్రం అయిదింటికి, క్లీనింగ్ పనిచేసే హన్మంతు దుబాయ్ హోటల్ హాల్లో పియానో పక్కన మూడు కుర్చీలు వేసి, ఒక్కోదానికి ఒక నల్లకోటు తగిలిస్తాడు. డ్రమ్ములకొకటి, బేస్‌కొకటి, ట్రంపెట్‌కొకటి. ఏడింటికి విల్లెమ్ వచ్చి పియానో ముందు కూర్చుని తలూపగానే, ఆ ఖాళీ కుర్చీల్లోంచి వాయిద్యాలు మొదలవుతాయి. కచేరీ ముగిశాక కోట్లు లాండ్రీకి వెళ్తాయి.

"డ్రమ్ములాయన కోటుకి ఎంత చెమటో చూడు అబ్బయా, రెండుసార్లు ఉతకాల్సి వస్తోంది," అని లాండ్రీలో నెల్లూరి అక్తర్ బీ విసుక్కుంటుంది. అంతకు మించి ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

రోటర్‌డామ్‌లో మేనమామ బారులో పియానో పట్టిన విల్లెమ్, సొంత జాజ్ బ్యాండు పెట్టి, వియన్నా క్లబ్బుల్లో, ఓడల మీద వాయించి దుబాయ్ చేరాడు. పోస్టర్లలో ఆయన పేరే పెద్దగా ఉండేది. 2020 మార్చిలో కచేరీ సగంలో హోటల్ మూసేసి, బ్యాండు వాళ్లని దొరికిన విమానం ఎక్కించేశారు. ఆ హడావిడిలో, చివర్లో లీడరు చెప్పాల్సిన సెలవు మాట విల్లెమ్ చెప్పలేదు. మనుషులు వెళ్లిపోయారు, వాళ్ల వాయిద్యం మాత్రం డ్యూటీలోనే ఉండిపోయింది. హోటల్ నడిపే ముదీర్‌కి పండగే. నలుగురి సంగీతానికి ఒక్కడి వీసా చాలు. ఇంత సిగ్గుమాలిన ఏర్పాటుకి విల్లెమ్ కిక్కురుమనకుండా ఒప్పుకుని, రెండేళ్లుగా దర్జాగా చప్పట్లు అందుకుంటున్నాడు.

ఆ శుక్రవారం హన్మంతు పియానో తుడుస్తుంటే విల్లెమ్ ఫోను మోగింది. ఆయనకి చెవి మందం, స్పీకర్లో పెట్టాడు. పోలండ్ నుంచి, బ్యాండులో ట్రంపెట్ ఊదిన మారెక్.

"ఇవాళా ఊదాను. ఉత్త గాలే వస్తోంది. బళ్లో పిల్లలకి నేర్పే ఉద్యోగం దొరికేలా ఉంది, సోమవారం వాయించి చూపించాలి. నా స్వరం పంపించు విల్లెమ్."

"ముదీర్ ఒప్పుకోవడం లేదు."

హన్మంతు చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు. రోజూ సార్ సార్ అనే హోటల్ ఇంగ్లీషు ఎటో పోయి, జగిత్యాల తెలుగు తన్నుకొచ్చింది.

"అబద్ధం! ముదీర్ చేతుల ఏమున్నది? నేను సైట్ల మీద పనిజేసినోన్ని. ఫోర్మన్ ఖలాస్ అనేదాక ఒక్కడు తట్ట దించడు. అనాల్సింది నువ్వు! వాని ఊపిరి అమ్ముకొని తింటున్నవ్, బువ్వ ఎట్ల దిగుతున్నది నీకు?"

తెలుగు ముక్క రాకపోయినా, దుబాయ్‌లో పని ముగిసిందనడానికి రోజూ వినే ఖలాస్ ఆ ఇద్దరికీ అర్థమైంది. కచేరీ చివర ఆ మాట అనాల్సింది లీడరేనని మారెక్‌కి తట్టింది.

"అడ్డం పడుతోంది నువ్వా?" అన్నాడు మారెక్.

"సెలవిచ్చేస్తే నన్నూ పంపించేస్తారు. ఈ వయసులో నన్నెవడు పిలుస్తాడు?"

"మమ్మల్నెవడు పిలిచాడు?" ఫోను కట్టయింది.

హన్మంతు ఆ రోజు కుర్చీలు వేయలేదు. ముదీర్ అరిచినా వేయలేదు. ఏడింటికి వాయిద్యాలు నిలబడే మొదలయ్యాయి. ట్రంపెట్ ఒంటరిగా ఊదుతుంటే విల్లెమ్ చేతులు ఆగాయి. జనం చూస్తుండగా పియానో మూత ధడేల్‌మని మూసి, బొంగురు గొంతుతో "ఖలాస్" అన్నాడు. డ్రమ్ములు ఆగాయి, బేస్ ఆగింది. ట్రంపెట్ చల్లగాలిలా బల్లల మధ్య నుంచి తలుపు దాటిపోయింది.

సోమవారం విల్లెమ్ సూట్‌కేసుతో లాబీలో టాక్సీ కోసం నిలబడి ఉండగా మారెక్ ఫోను చేశాడు.

"మొన్న అరిచాడే, ఆ మనిషికివ్వు."

హన్మంతు ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, అటునుంచి మోగిన ట్రంపెట్‌నీ, ఆపైన మారెక్ చెప్పిన రెండు ముక్కలనీ కడదాకా విన్నాడు. తిరిగిచ్చేస్తుంటే విల్లెమ్ ఆత్రంగా అడిగాడు.

"ఉద్యోగం వచ్చిందటా? నా గురించి ఏమన్నా అన్నాడా?"

"ఉద్యోగం వచ్చింది సార్. మీ గురించి ఏమీ అనలేదు."