సూది చెప్పిన ఒడ్డు

వేసవంతా ఈ కయాక్‌లో కళ్లు మూసుకుని ఒడ్డు చేరేవాళ్లం. చలికాలం పొగమంచులో కళ్లు తెరిచినా ఒడ్డు కనబడలేదు. ముందు కూర్చున్న మరదలు దిక్సూచి చూసి దారి చెబుతోంది, వెనక నేను తెడ్డు వేస్తున్నాను. అయినా ఒడ్డున విరిగే అలల చప్పుడు దూరమవుతోంది.

"సూది ఒడ్డు ఇటే అంటోంది, బావా."

"చెవులు కాదంటున్నాయి."

"మరి నీ బుర్ర?"

"చేతులెత్తేసింది."

వేళ్లు మొద్దుబారుతున్నాయి. వేసవిలో లేనిది ఇవాళ పడవలో ఏముంది? వాతావరణ వార్తల కోసం మరదలు తెచ్చిన రేడియో! దిక్సూచి పక్కనే పెట్టింది. దాని స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది.

"ఆ రేడియో ఇటివ్వు!"

అందుకున్నాను. సూది గిర్రున వెనక్కి తిరిగిందని మరదలు అరిచింది. ఇంతసేపూ నడిసముద్రంలోకి పోతున్నాం. పడవ తిప్పాం. అలల చప్పుడు మెల్లగా దగ్గరైంది.

"ఇప్పుడు నీ బుర్రేమంటోంది?"

"రేడియో తెచ్చిందెవరని అడుగుతోంది."