గ్యాలరీలో మదర్ ఐడెల్లా అన్న మాట

మా చర్చి బస్సు నడిపేది నేనే. లాంజో మేబ్రీ అంటారు. నేను చెప్పేదాంట్లో సగం కోతలేనని మా ఊళ్ళో ఒక పుకారుంది. అన్యాయం. పావు వంతు మించవు.

మా చర్చిలో అందరికీ పెద్దమ్మ, మదర్ ఐడెల్లా. ఆవిడ పెరటి సంగతి మాత్రం కోత కాదు. రైలు పట్టాలకు అవతల తెల్లవాళ్ళ ఇళ్ళకు మా తాతల కాలంలోనే మురుగు పైపు వేశారు. ఆ పైపు పట్టాల దాకా వచ్చి, ఇవతల నల్లవాళ్ళున్నారని తెలిసినట్టు టక్కున ఆగిపోయింది. ఇవతల మురుగుకి ఎవరి గొయ్యి వాళ్ళం తవ్వుకున్నాం. మా నేలంతా బంకమన్ను, నీళ్ళు తాగదు. నాలుగు చినుకులు పడితే బాత్రూంలో వదిలింది పెరట్లో పలకరిస్తుంది. ఐడెల్లా పెరటి మీదుగా ఎగరాల్సిన కాకులు పక్క జిల్లా చుట్టి పోతాయి. ఆవిడ కుక్క జన్మవైరం కూడా మరిచిపోయి పోస్టుమాన్ ఇంట్లో కాపురం పెట్టింది.

పైపు వెయ్యని ప్రభుత్వమే మళ్ళీ, నీ మురుగు బయటికొచ్చిందని కేసు పెడుతుంది. ఆ గురువారం ఐడెల్లాకి కోర్టు. మొగుడు ఒక్కో చెక్కా మోసుకొచ్చి కట్టిన ఇల్లది. అందులో మనుషులు ఉండకూడదని జడ్జి అంటే, డెబ్భై దాటిన మనిషి రోడ్డున పడుతుంది.

దీన్ని ఆపాలని సిస్టర్ ఆర్లీతా బోనర్ శాసనసభలో ఏటేటా ఒకే బిల్లు పెడుతోంది. ఈ కేసులు కొట్టెయ్యాలి, పట్టాల ఇవతలికీ పైపు రావాలి. అంతే. ఆమె మా శాసనసభ్యురాలు, మా సండేస్కూలు టీచరు కూడా. ఆమెకు ఆ రెండూ వేరు వేరు పనులు కావు. పొరుగువాడి పెరట్లో మురుగు పెట్టుకుని ప్రార్థనకి కూర్చుంటే దేవుడు ముక్కు మూసుకుంటాడంటుంది. ఇక గొంతంటారా, ఒకసారి సమాధుల దగ్గర పాట ఎత్తుకుంటే లోపలివాళ్ళు రెండో చరణం కూడా పాడమన్నారు. నేను విన్నాను.

ఎట్టకేలకు ఐడెల్లా కోర్టుకు వారం ముందు, సమావేశాల ఆఖరి రోజున బిల్లు సభ ముందుకొచ్చింది. ఆర్లీతా మా అందరినీ సభలో ప్రేక్షకుల గ్యాలరీకి రమ్మంది. ఊరు దాటగానే బస్సులో లేచి నిలబడింది.

“వినండి. అది మన చర్చి కాదు. గ్యాలరీలో నోరు తెరిస్తే బయటికి గెంటుతారు. ఆమేన్ వద్దు, స్తోత్రం వద్దు, ఊఁ కూడా కొట్టద్దు.”

“తుమ్మొస్తేనో?” అన్నాను.

“బస్సు చూసి నడుపు లాంజో, తుమ్ము సంగతి దేవుడు చూసుకుంటాడు.”

ముసలమ్మలు బ్యాగుల్లోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి తలా ఒకటి పంచారు. నోట్లో బిళ్ళుంటే మాట రాదని మా చర్చి పిల్లలకు వాడే మందే అది.

ఆర్లీతా మొదట కాగితం చూసి చదివింది. ఇక్కడ చర్చి ప్రసంగాలు చెయ్యొద్దని సభ పెద్దలు ముందే చెప్పారట. గ్యాలరీలోంచి చూస్తే కింద సభలో ఒకాయన గోళ్ళు తీసుకుంటున్నాడు, ఒకాయన శాండ్‌విచ్ తింటున్నాడు. తర్వాత హాస్కెల్ డన్‌అవే లేచాడు. మా పట్టాల అవతలి సభ్యుడు, వాళ్ళ చర్చిలో డీకన్ అనే పెద్దమనిషి.

“సిస్టర్ బోనర్ బాధ చూస్తే నా గుండె తరుక్కుపోతోందండీ. ఆవిడ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. బిల్లుని మాత్రం మళ్ళీ కమిటీకి పంపుదాం.” ఆఖరి రోజున కమిటీకంటే బిల్లుకి సమాధే.

ఆర్లీతా కాగితం కింద పెట్టేసింది. కాగితం కింద పెట్టిందంటే ప్రసంగం మొదలని, ఆమె అడిగినదానికల్లా మేం బదులు పలకాలని మా చర్చిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

“బ్రదర్ డన్‌అవే! మీ ప్రార్థన దేవుడి దగ్గరికి వెళ్తోంది, మీ మురుగు పైపులో వెళ్తోంది. మా మదర్ ఐడెల్లా చేసే ప్రార్థనకీ, ఆవిడ పెరటి మురుగుకీ మాత్రం ఎక్కడికీ దారి లేదు!”

గ్యాలరీలో పిప్పరమెంటు బిళ్ళలు పటపటా విరిగాయి. నా పక్కనున్న బ్రదర్ ఓటిస్ ఆమేన్‌ని మింగడానికి చూశాడు. అది గొంతులో అడ్డంపడి మెడ గుమ్మడికాయంత అయింది. ఆర్లీతా చెయ్యి పైకెత్తింది, గొంతు పైకెత్తింది.

“ఒక పక్కకి పైపేసి, రెండో పక్కకి కేసు పెట్టడం… ఇది న్యాయమా?”

“కాదు తల్లీ!” అంది మదర్ ఐడెల్లా, నిండు గొంతుతో.

ఇంకేముంది, కట్ట తెగింది. “కాదు! కాదు! చెప్పు తల్లీ!” బస్సు బస్సంతా లేచింది. నేనూ లేచాను. నోళ్ళు ముయ్యమని స్పీకర్ బల్ల మీద సుత్తి కొట్టిన కొట్టుడికి పిడి ఊడి, సుత్తి నది దాటి పడిందని అంటారు. గ్యాలరీ ఖాళీ చేయించి, బిల్లు పక్కన పెట్టేశాడు.

మేం బయట మెట్ల మీద కూర్చుంటే ఆర్లీతా వచ్చింది. కళ్ళలో నిప్పులు.

“మదర్! బస్సులో ఏం చెప్పాను?”

“నోరు మూసుకోమన్నావు.”

“మరి?”

“మరి నువ్వు అడిగావు కదే పిల్లా! అంతలేసి గొంతేసుకుని అడిగి, చెప్పొద్దంటే ఎలా? నిలబడి చెప్పేవాళ్ళని ఒంటరిగా వదిలెయ్యకూడదని మా అమ్మ నేర్పింది. ఆ కింద సభలోవాళ్ళకి ఇది నేర్పిన అమ్మలు లేరా ఏంటి?”

ఆర్లీతా మెట్టు మీద కూలబడింది. “ఇప్పుడు స్పీకర్ కబురు పెట్టాడు. మీరంతా చేసినదానికి సభలో క్షమాపణ చెబితే ఇవాళే బిల్లు మళ్ళీ తీసుకుంటాడట.”

“చెప్పెయ్యి.”

“నువ్వన్నది నిజం మదర్! నిజం చెప్పినందుకు క్షమాపణ చెప్పి, రేపు ఏ మొహంతో మోకరించను?”

“దేవుడికి నీ సంగతి తెలుసులే. నా సంగతి ఆ జడ్జికే తెలీదు. నీ మోకాళ్ళ గొడవ తర్వాత. ముందు నా ఇల్లు చూడు. పో.”

పోయింది. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వరండాలో గోడకున్న టీవీలో చూశాం. మా వాళ్ళ ప్రవర్తనకు చింతిస్తున్నానంది ఆర్లీతా. చేదు మందు మింగినట్టు ఒక్కొక్క మాటా మింగుతూ అంది. సభంతా చప్పట్లు కొట్టింది. డన్‌అవే వచ్చి చెయ్యి కలిపాడు. స్పీకర్ మాట తప్పలేదు, బిల్లు మళ్ళీ తీసుకున్నాడు. అన్నిటికన్నా చివర పెట్టాడు.

ముందున్న బిల్లు ఏంటో తెలుసా? రాష్ట్ర పక్షి ఉన్నట్టే మా రాష్ట్రానికి అధికార కూరగాయ బెండకాయా, చిలగడదుంపా అని. ఒకాయన బెండకాయ తిని వాళ్ళ అవ్వ వందేళ్ళు బతికిందన్నాడు. ఇంకొకాయన చిలగడదుంప మీద కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళు మాట్లాడుతుంటే నాకు గడ్డం మోకాళ్ళ దాకా పెరిగింది, మళ్ళీ రాలింది. చివరికి దుంప గెలిచింది. వేళ మించిందని స్పీకర్ సమావేశాలు ముగించేశాడు. బిల్లు చచ్చింది.

బస్సులో ఎవరూ పాటెత్తలేదు. సగం దారిలో ఐడెల్లాయే అంది. “నేనన్న మాట తప్పు అని ఒప్పుకున్నావు. ఇల్లూ దక్కేట్టు లేదు.”

“చెప్పెయ్యమన్నది నువ్వే కదా మదర్!”

“అన్నాను. అన్నానని మండకుండా ఉంటుందా నాకు?”

మర్నాడు పొద్దున ఆర్లీతా నన్ను బస్సు తీయమని, జిల్లా ఆరోగ్య శాఖ ఆఫీసుకు తీసుకుపొమ్మంది. కౌంటర్‌లో కుర్రాడి ముందు నిలబడింది.

“ఫిర్యాదు రాసుకో బాబూ. పెరట్లో మురుగు తేలుతోంది.”

“ఎవరి పెరట్లోనండీ?”

“నాదే.”

కుర్రాడు పెన్ను కింద పెట్టాడు. “మేడమ్, మీ మీద మీరే… అసలు మీ ఇంటికి వెళ్ళొద్దని మాకు…”

“అదే చెప్తున్నాను నాయనా. నాదీ పట్టాల ఇవతలే, నాదీ అదే బంకమన్ను. వీధంతా తిరిగిన మీ ఇన్‌స్పెక్టర్, సభ్యురాలినని నా గేటు దగ్గర మాత్రం టోపీ తీసి దండం పెట్టి పోయాడు. ఆ దండం నాకొద్దు.”

రాసుకుని, అదే గురువారానికి కేసు వేసేదాకా కదల్లేదు. గురువారం కోర్టులో మదర్ ఐడెల్లా పక్కన సిస్టర్ ఆర్లీతా, ముద్దాయిలిద్దరూ చర్చికి పెట్టే ఆదివారం టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. వెనక పేపరువాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. జడ్జి మొహం బీట్‌రూట్ అయింది. ఒకరిని ఇల్లు ఖాళీ చెయ్యమంటే రెండోవారినీ అనాలి. కళ్ళజోడు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు, అద్దం అరిగి చిల్లు పడేదాకా తుడిచాడు. ఆఖరికి రెండు కేసులూ శీతాకాలానికి వాయిదా వేశాడు.

బయటికొచ్చాక ఆర్లీతా ముసలావిడ భుజం మీద చెయ్యేసింది. “భయపడకు మదర్. ఇకనుంచి నీకు తోడు నేనున్నాను.”

ఐడెల్లా ఆ చెయ్యి తీసెయ్యలేదు. కాని ఆకాశం వైపు చూసింది. మబ్బు పట్టి ఉంది.

“తోడు బాగానే ఉందే తల్లీ. నాకు కావాల్సింది పైపు.”