మట్టయ్య తోటలో క్యాంపు

సౌందర్య ఏడో తరగతిలో స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేరింది. అదే ఏడాది వాళ్లమ్మ పుష్ప భర్తను వదిలేసి, కూతురిని తీసుకుని కోదాడ నుంచి మిర్యాలగూడకు వచ్చింది. అప్పటికి పుష్ప ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. భర్త యుగంధర్ లారీ డ్రైవరు. జాకీ రాడ్డుతో కొట్టిన దెబ్బకు మెడ కింది ఎముక విరిగి, సరిగా అతుక్కోలేదు. తాగి కొట్టేవాడంటే జనానికి సులువుగా అర్థమవుతుంది. యుగంధర్ తాగకుండానే కొట్టేవాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తలుపు గడియ పెట్టి మరీ కొట్టేవాడు.

మిర్యాలగూడలో పుష్పకు నా అన్నవాళ్లు లేరు. కుట్టు మిషను పెట్టుకుని బతికింది. బడిలో వ్యాయామ టీచరు నాగేందర్ నడిపే స్కౌట్ దళమే మెల్లగా ఆమెకు చుట్టమైంది. వానలు పడగానే పిల్లలు కాలువ గట్టు మీద మొక్కలు నాటేవారు, తండ్రులు గుంతలు తవ్వేవారు. ఎండలు ముదిరితే బస్టాండు దగ్గర చలివేంద్రం, తల్లులు వంతులు వేసుకుని కుండలు నింపేవారు. పిల్లల మెడల్లో స్కార్ఫులన్నీ పుష్ప కుట్టినవే. అందరిలోకి త్రిపురారం రైతు మట్టయ్య ఆమెను నోరారా చెల్లె అని పిలిచేవాడు. అతని కొడుకు సంజీవ్ సౌందర్య తరగతే. ఒకసారి గాలివానకు పుష్ప అద్దె ఇంటి రేకులు లేచిపోతే, మట్టయ్య ఎవరూ పిలవకుండానే వచ్చి, తడుస్తూనే టార్పాలిన్ కట్టి పోయాడు.

చలికాలం క్యాంపు ఈసారి మట్టయ్య మామిడి తోటలోనే పెట్టారు. చివరి రోజు ఆదివారం. ఆ రోజు కుటుంబాలన్నీ వచ్చి, పిల్లలతో కలిసి వండుకుని తినడం ఆ దళానికి అలవాటు. పొద్దున్నే బగారా అన్నానికి ఎసరు పెట్టారు. మగవాళ్లు కోళ్లు కోసి ముక్కలు కొడుతున్నారు. పిల్లల్లో ఒకరి తల్లి క్యాంపు ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. ఆ ఫొటోలు చేతులు మారి కోదాడ దాకా పోయాయి.

యుగంధర్ మధ్యాహ్నం బైకు మీద వచ్చాడు. తోట గేటు దగ్గర బండి ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, పెళ్లికి వచ్చినవాడిలా తాపీగా నడుచుకుంటూ లోపలికొచ్చాడు. నాగేందర్ ఎదురెళ్లాడు.

"ఎవరు కావాలి?"

"నా కూతుర్ని తీసుకుపోదామని వచ్చాను మాస్టారూ. సౌందర్య."

నాగేందర్‌కు విషయం తెలుసు. "ఇక్కడ పిల్లలను తల్లికే అప్పజెప్తం. మీరు జర బయట నిల్చోండ్రి, మాట్లాడుకుందం" అన్నాడు.

యుగంధర్ తల ఊపాడు. అదే ఊపులో హెల్మెట్ ఎత్తి నాగేందర్ ముఖం మీద కొట్టాడు. ముక్కు ఎముక చితికింది. నాగేందర్ రెండు చేతులతో ముఖం పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మెడలోని విజిల్ మీదుగా చొక్కా మీదికి కారింది.

పొయ్యి దగ్గరున్న పుష్ప లేచే లోపే యుగంధర్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. "ఏమే, ఊరందరితో కలిసి విందులు చేసుకుంటున్నావా? పిల్లనెక్కడ దాచావు?" అంటూ నేల మీద ఈడ్చాడు. కోడి ముక్కలు కొట్టే కత్తి అతని చేతికందింది. పుష్ప ముఖానికి చెయ్యి అడ్డం పెట్టింది. కత్తి ముంజేతిని ఎముక దాకా చీల్చింది. అతను మళ్లీ ఎత్తాడు.

రెండో వేటు పడలేదు. మట్టయ్య టెంటు వెదురు కర్ర పీకి వచ్చి, యుగంధర్ మణికట్టు మీద కొట్టాడు. కత్తి ఎగిరి ఆకుల్లో పడింది.

అక్కడితో ఆగిపోవలసిన పని అది. యుగంధర్ చేతిలో ఇక ఏమీ లేదు. అతను విరిగిన చేతిని పొట్టకు అదుముకుని వెనక్కి నడవసాగాడు. మట్టయ్య వెంటబడి మోకాలి చిప్ప మీద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. యుగంధర్ పడ్డాడు. తక్కిన తండ్రులు చుట్టుముట్టారు. అందరూ బుద్ధిమంతులే. ఒకరు రైసుమిల్లు గుమాస్తా, ఒకరు మెడికల్ షాపు నడిపేవాడు. చెప్పులతో తన్నారు, కర్రలతో బాదారు. ఎవరో పిల్లలు ముడులు నేర్చుకునే తాడు తెచ్చి అతన్ని మామిడి చెట్టుకు కట్టేశారు. సునీత అనే తల్లి, ఎవరినీ గట్టిగా మాట కూడా అనని మనిషి, ఉడుకుతున్న కోడికూర గరిటెతో ముంచి అతని ఛాతీ మీద పోసింది. అతను అరిచిన అరుపుకు కాలువ అవతలి పొలంలో మేస్తున్న కొంగలు లేచిపోయాయి.

పుష్ప లేచి నిలబడింది. కొంగుతో చుట్టుకున్న చెయ్యి తడితడిగా బరువెక్కింది. సునీత చేతిలోని ఇనుప గరిటెను లాక్కుని మొగుడి దగ్గరికి నడిచింది. అతను తలెత్తి చూశాడు. ఆ చూపులో ఎప్పటి బెదిరింపూ లేదు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె కూడా అలాగే ఎన్నోసార్లు ఊపింది, ఆ గడియ పెట్టిన తలుపుల వెనక. గరిటె అంచుతో అతని ముఖం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. కుడి కన్ను చితికి బుగ్గ మీదికి ఏదో కారింది. పుష్పకు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. ఇంకోసారి ఎత్తింది.

"అమ్మా, సాలు."

సౌందర్య పక్కనే ఉంది. ఎప్పుడు వచ్చిందో పుష్ప చూడలేదు. కూతురి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గరిటె పుష్ప చేతిలోంచి జారిపోయింది. కానీ మగవాళ్లు ఆగలేదు.

"సాలు, ఇడ్సిపెట్టుండ్రి. సచ్చిపోతడు" అంది సౌందర్య.

"నువ్ పక్కకు పో బిడ్డా. గిసొంటోడు బతికెందుకు" అని మట్టయ్య మళ్లీ కర్ర ఎత్తాడు.

సౌందర్య నాగేందర్ దగ్గరికి పరిగెత్తింది. అతను ముక్కుకు టవలు అదుముకుని, ఆపండ్రి ఆపండ్రి అంటున్నాడు గానీ మాట నోరు దాటడం లేదు. ఆమె అతని మెడలోని విజిల్ తీసుకుని, దాని మీది రక్తం కూడా తుడవకుండా ఊదింది. దళం అంతా ఒక్కచోట చేరాలని పిలిచే ఈల అది. అది విన్నాక ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, వచ్చి గుర్రపునాడాలా వరుస కట్టాలి.

టెంట్ల వెనక ఏడుస్తున్న పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పెద్దవాళ్ల కాళ్ల మధ్యలోంచి, మోచేతుల కిందినుంచి దూరి, సౌందర్య చూపించిన చోట, చెట్టుకు కట్టేసిన మనిషి చుట్టూ నిలబడ్డారు. సంజీవ్‌కు తండ్రి ఎదురుగా చోటు దొరికింది.

"జరుగు రా" అన్నాడు మట్టయ్య. కర్ర ఇంకా గాల్లోనే ఉంది.

సంజీవ్ జరగలేదు. వాడి ఖాకీ నిక్కరు ముందు భాగం తడిసి, మడమల దాకా కారింది. మట్టయ్య అది చూశాడు. కొడుకు తనను చూసి భయపడుతున్నాడని అర్థమవడానికి అతనికి కొంతసేపు పట్టింది. కర్ర దించాడు. ఒక్కొక్కరే చేతుల్లోవి కింద పడేశారు.

సౌందర్య ముందు తల్లి చేతికి కట్టు కట్టింది. రక్తం ఆగేదాకా స్కార్ఫు మీద స్కార్ఫు బిగించింది. తర్వాత తండ్రి తాడు విప్పించి, విరిగిన కాలికి వెదురు ముక్కలు అటూ ఇటూ పెట్టి కట్టింది. అతను నీళ్లడిగాడు. ఇచ్చింది.

అంబులెన్సు నాగేందర్‌తో సహా ముగ్గురినీ మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది. యుగంధర్‌ను అక్కడినుంచి సూర్యాపేటకు పంపారు. ప్రాణం దక్కింది. కన్ను దక్కలేదు.

మర్నాడు మట్టయ్య పుష్ప మంచం దగ్గరికి వచ్చాడు. చేతిలో పళ్ల కవరు. కవరు మంచం మీద పెట్టి అన్నాడు. "పోలీసోళ్లు అడుగుతరు చెల్లె. నిన్ను కత్తితోని కోసిండు, గది నిజమే, చెప్పు. తర్వాత బండెక్కి ఉరికిండు, కాలువ కట్ట మీద పడ్డడని అందరం చెప్తున్నం. నువ్ గూడ గదే చెప్పు. నాగేందర్ సార్ గూడ ఒప్పుకున్నడు. లేకపోతే దళం ఖతం అయితది."

పుష్ప సరేనంది. ఏడ్చింది కూడా. ఈ లోకంలో తన కోసం కర్ర ఎత్తిన మొదటి మనిషి అతను.

అతను పోయాక సౌందర్య అడిగింది. "నన్నూ అడుగుతరు గద అమ్మా. డాడీ బండి మీదికెల్లి పడ్డడని చెప్పాల్నా?"

కోదాడలో దవాఖానకు పోయిన ప్రతిసారీ యుగంధర్ కూతురి చేత చెప్పించిన మాట అదే. అమ్మ మెట్ల మీద జారింది. అమ్మ బాత్రూంలో పడింది. ఐదేళ్ల పిల్లప్పటి నుంచి సౌందర్య డాక్టర్లకు ఆ మాటలే అప్పజెప్పేది. పుష్ప కూతురి వైపు చూడలేక గోడ వైపు తిరిగింది.

సాయంత్రం ఎస్సై వచ్చాడు. పుష్ప అంతా చెప్పింది. హెల్మెట్ దెబ్బ, కత్తి వేటు, మట్టయ్య కర్ర, తాడు, కూర. సునీత పేరు కూడా చెప్పింది. చివరికి, "కన్ను నేను పొడిసిన సార్. గరిటెతోని" అంది. ఎస్సై రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. "ఆలోచించుకునే చెప్తున్నవా అమ్మా?" అన్నాడు. ఆమె అవునంది.

యుగంధర్ మీద హత్యాయత్నం కేసు, తోటలో కొట్టినవాళ్లందరి మీద మరో కేసు. అందులో పుష్ప పేరు కూడా ఉంది. అతను జైలుకు పోయాడు. వీళ్లకు బెయిలు దొరికింది. బడివాళ్లు దళాన్ని ఆపేశారు. ఆ ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం లేదు. సునీత బజారులో పుష్ప ఎదురైతే వీధి మారేది. బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. తలుపు మీద ఎవరో పేడ కొట్టారు. పుష్ప దాన్ని కడిగి, మిషను ముందు కూర్చుంది.

వానలు పడ్డాక నాగేందర్, వంకర ముక్కుతో, దళాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. సగంమంది పిల్లలే వచ్చారు. సంజీవ్ వచ్చాడు. సౌందర్య విజిల్ ఊదనంది గానీ మొక్కలు నాటడానికి పోయింది.

కేసు వాయిదాకు మిర్యాలగూడ కోర్టు వరండాలో పుష్ప, మట్టయ్య ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. అతను చాలా చిక్కిపోయాడు.

"నీ కోసమే కొట్టిన గద పుష్పా" అన్నాడు. చెల్లె అనలేదు.

"మొదటి దెబ్బ నా కోసమే అన్నా. అది నేను సచ్చేదాకా మర్సిపోను. జడ్జికి గూడ గదే చెప్త. తర్వాతయి ఎవరి కోసమో నాకు తెల్వది. నేను కొట్టినయి గూడ ఎవరి కోసమో తెల్వది."

మట్టయ్య నేల వైపు చూశాడు. "పోరడు నిద్రలో లేసి కూసుంటుండు" అన్నాడు. "నేను పక్కన పండుకుంటే దూరం జరుగుతడు. వాళ్లమ్మనే పండవెడ్తది."

"సౌందర్య గూడ నా చెయ్యి పైకి లేస్తే ఉలిక్కిపడ్తది" అంది పుష్ప. "జడ ఎయ్యడానికి లేపినా సరే."

లోపల వాళ్ల పేర్లు పిలిచారు. ఇద్దరూ లేచారు. తలుపు దగ్గర జనం ఒత్తిడిగా ఉంటే, మట్టయ్య ముందుకెళ్లి కొంచెం దారి చేసి, ఆమె దాటేదాకా పక్కకు నిలబడ్డాడు.