ఎదురు శుక్రుడు

దొరవారిసత్రం స్టేషను ముందున్న కాఫీ హోటల్లో పద్మనాభయ్య నోరు తెరిస్తే పక్క బల్లల వాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగేవాళ్లు. మాగాణి రైతు. చేను చుట్టూ తుమ్మముళ్ల కంచె వేయించి, దాన్ని దాటిన గొడ్డు ఎవరిదైనా సరే తనే బందెలదొడ్డికి తోలుకుపోయే మనిషి. ఒకసారి సొంత బావమరిది ఎనుమునే తోలాడు. ఆ బావమరిది మళ్లీ గడప తొక్కలేదు. పద్మనాభయ్య పిలవనూ లేదు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. దొంగపడవల్లో సింహళం చేరిన మనవాళ్లను అక్కడి పోలీసులు పట్టి తిరగ్గొడుతున్నారనీ, ఒడ్డు వెంబడి కాపలా పెట్టారనీ పేపర్లో పడింది. హోటల్లో సగంమంది అది అన్యాయమన్నారు. పద్మనాభయ్య ఒప్పుకోలేదు.

"నా చేలో గొడ్డు దిగితే నేనూరుకుంటానా? వాళ్లకు మాత్రం చేను లేదా? కాయితం లేనోణ్ణి తోలెయ్యాల్సిందే."

బట్టలు కుట్టే హజరత్తయ్య మూలబల్ల దగ్గర నవ్వాడు. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు కొండలూ అడవులూ పడి నడిచొచ్చిన మనిషి. దోవలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు.

"మేం నడిచొచ్చిన కొండల్లో కంచె ఏడుండాది పద్మనాభన్నా? నీ బిడ్డ రంగూన్‌లోనే గదా కాపరం చేస్తా ఉండాది. రేపు వాళ్లూ కంచె ఏస్తే?"

"నా బిడ్డకు ముద్ర ఏసిన కాయితం ఉండాది. దర్జాగా వొస్తాది, దర్జాగా పోతాది."

అప్పటికి వారం ముందే ప్రమీల వచ్చింది. ఒక్కతే కూతురు. కోవూరు నుంచి అల్లుడి తండ్రి కాలంలోనే రంగూన్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబంలోకి ఇచ్చాడు. అల్లుడు ఓబులేసు అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. నెమ్మదస్తుడు. తొలి కాన్పుకు పంపమని పద్మనాభయ్య రాస్తే, రంగూన్‌లోనే మంచి ఆసుపత్రి ఉందనీ, దేశం దాటినవాళ్లు తిరిగి రావడానికి ఇప్పుడు గడువుతో పర్మిట్లిస్తున్నారనీ, ఆ తిప్పలు ఎందుకనీ అతను బతిమాలాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరక్కపోతే ఊళ్లో తలెత్తుకోలేనని మామ జవాబు రాశాడు. ఓబులేసు కచేరీల చుట్టూ తిరిగి పర్మిట్ తెచ్చి భార్యను ఓడెక్కించాడు. కార్తీకం దాటకుండా మళ్లీ రంగూన్‌లో కాలు పెట్టాలని దాని షరతు.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ప్రమీల తల్లి పోయి అప్పటికి రెండేళ్లు. నెల్లూరు నుంచి పద్మనాభయ్య చెల్లెలు ఆదిశేషమ్మ వచ్చి పురుడు పోసింది. పిల్లకు చనిపోయిన అమ్మమ్మ పేరే కామాక్షి అని పెట్టారు. మూడో నెల వచ్చేసరికి ప్రమీల పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. కార్తీకం నడిమిలో మద్రాసు నుంచి ఓడ ఉంది. గడువు లోపల అదే ఆఖరుది.

ఒక తెల్లవారుజామున పద్మనాభయ్య కళ్లాపి జల్లిన వాకిట్లో నిలబడి తూర్పుకు చూశాడు. శుక్రుడు నిగనిగా మెరుస్తున్నాడు. లోపలికి వచ్చి ప్రయాణం ఆపమన్నాడు.

బాలింతరాలు పసిబిడ్డను ఎత్తుకుని శుక్రుడికి ఎదురు పోకూడదు. వేగుచుక్క తూర్పున ఉన్నన్నాళ్లు తూర్పుకు ప్రయాణం లేదు. రంగూన్ తూర్పునే ఉంది. కూతురు వచ్చేటప్పుడు శుక్రుడు ఆమె వీపు వెనక ఉన్నాడు కాబట్టి చింత లేకపోయింది. ఇప్పుడు ముఖానికి ఎదురుగా ఉన్నాడు.

ఊళ్లో చాలామందికి ఇది ఆచారం. పద్మనాభయ్యకు అంతకన్నా ఎక్కువ. ప్రమీల కన్నా ముందు అతనికి ఒక కొడుకు పుట్టాడు. చేలో పనులు తొందరగా ఉన్నాయని, మామగారు వద్దంటున్నా వినకుండా, ఎదురు శుక్రుడిలోనే పెళ్లాన్నీ బిడ్డనీ పుట్టింటి నుంచి బండిలో తీసుకొచ్చాడు. ఇల్లు చేరీ చేరకముందే బిడ్డ ఒళ్లు కాలింది. ఆ వారంలోనే పోయాడు. కామాక్షమ్మ భర్తను ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్లూ తెల్లవారి తూర్పు వైపు చూసేది కాదు.

ఆదిశేషమ్మ ఒక ఉపాయం చెప్పింది. మద్రాసు దక్షిణం కదా, ముందు అక్కడికి పోయి ఒక రాత్రి నిద్ర చేస్తే తర్వాతది కొత్త ప్రయాణం కింద లెక్క, అందరూ చేసేదే అంది. శుక్రుణ్ణి మోసం చేసి ఏం బావుకుంటావని అన్న కసిరాడు. గోత్రాన్ని బట్టి కొందరికి ఆ దోషం లేదని పురోహితుడు అంటే, మాది ఆ గోత్రం కాదని లేచొచ్చాడు.

ప్రమీల తండ్రికి ఎదురు చెప్పే పిల్ల కాదు. ఆ రోజు చెప్పింది.

"గడువు దాటితే వాళ్లు రానియ్యరు నాయనా."

"ముద్ర ఏసినోడే ఇంకో ముద్ర ఏస్తాడు. బిడ్డకేమన్నా అయితే ఏ దొర తెచ్చిస్తాడు?"

సింహళం వాడు గడువు చూసుకోవాలి, దొంగపడవ వాడు కాగితం చూసుకోవాలి. తన కూతురి దగ్గరికొచ్చేసరికి మాత్రం చట్టం కాస్త ఆగుతుందని అతని నమ్మకం. కంచెలు వేసేవాళ్లంతా ఇంతే. తమ కాళ్లకూ ఆ ముళ్లు గుచ్చుకుంటాయని అనుకోరు.

ఓడ వెళ్లిపోయింది. ఆ రోజు ప్రమీల పెట్టె విప్పలేదు. సంక్రాంతి వెళ్లాక కూడా విప్పలేదు. శుక్రుడు తూర్పున దిగిపోయి మూఢం వచ్చింది. మూఢంలో అసలే ప్రయాణం లేదు. అది విడిచి, పడమటి ఆకాశంలో సాయంత్రం చుక్క కనపడ్డ వారంలోనే, రంగూన్‌లో సైన్యం గద్దెనెక్కిందని పేపర్లో వచ్చింది.

పద్మనాభయ్య టవలు భుజాన వేసుకుని మద్రాసు పోయాడు. అక్కణ్ణుంచి అర్జీ కలకత్తాలోని బర్మా కచేరీకి పోయింది. గడువు దాటినవాళ్లు కొత్తగా అనుమతి తెచ్చుకోవాలన్నారు. కొత్తగా అనుమతులు ఇవ్వడం లేదని కూడా వాళ్లే అన్నారు. అటు రంగూన్‌లో ఓబులేసు కూడా కచేరీల చుట్టూ తిరిగాడు. తనే వచ్చేద్దామంటే, ఒకసారి దాటితే మళ్లీ రానివ్వరు. తల్లి పక్షవాతంతో మంచాన ఉంది. ఓడెక్కించే స్థితిలో లేదు. ఆ ముసలమ్మను వదిలి ఎట్లా వచ్చేదని రాశాడు. రమ్మని ప్రమీల రాయలేదు.

హోటల్లో ఇప్పుడు పద్మనాభయ్య మాట మారింది. మొగుడి దగ్గరికి పోయే ఆడదాన్ని ఆపే చట్టం చట్టమేనా, మనవాళ్లు పండించి పెట్టిన దేశం కాదా అది, అని బల్ల గుద్దేవాడు. హజరత్తయ్య కొన్నాళ్లు విన్నాడు.

"నీ బిడ్డను ఆపింది వాళ్లు కాదు పద్మనాభన్నా. వాళ్లు ఆరు నెలలు తలుపు తీసే పెట్టినారు."

ఆ రోజు నుంచి పద్మనాభయ్య హోటలుకు పోవడం మానేశాడు.

ఓబులేసు ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి, పండక్కి ఒకటి అయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. కామాక్షి నడిచింది, మాట్లాడింది. పటంలో ఉన్న మనిషిని నాయన అనడం నేర్చుకుంది. అరవై నాలుగులో రంగూన్‌లో మిల్లులూ అంగళ్లూ సర్కారు లాక్కుందని, మనవాళ్లను ఓడల నిండా పంపించేస్తున్నారని తెలిసింది. ప్రతి ఓడకూ పద్మనాభయ్య కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని మద్రాసు రేవుకు పోయేవాడు. ప్రమీల ప్రతిసారీ పెళ్లినాటి పట్టుచీర కట్టేది. గుంపు పలచబడేదాకా చూసి తిరిగొచ్చేవాళ్లు.

ఒక ఓడ తప్పిపోయింది. పిల్లకు తట్టు పోసి వెళ్లలేకపోయారు. ఓబులేసు ఆ ఓడలోనే వచ్చాడు. నెల దాటాక కోవూరు బంధువు ఒకడు చెప్పిపోయాడు. మద్రాసు దగ్గర గుడారాల క్యాంపులో ఉన్నాడట. తల్లి పోయిందట. వెంట ఒక బర్మా ఆడమనిషి ఉందట. పేరు మాతిన్. ముసలమ్మ మంచాన ఉన్నప్పుడు ఎత్తీ దించీ చేసింది ఆమేనట. పెళ్లి చేసుకున్నాడట.

ప్రమీల చాట కిందపెట్టి లోపలికి పోయింది.

పద్మనాభయ్య సూళ్లూరుపేట పోయి వకీలును కలిశాడు. తిరిగొచ్చేటప్పుడు అతని నడకలో పాత ఊపు కనిపించింది. భార్య బతికుండగా రెండో పెళ్లి చెల్లదు. చెల్లదు గనక మాతిన్ భార్య కాదు. భార్య కాదు గనక ఈ దేశంలో ఉండే హక్కు లేదు, పరదేశి. అసలు భార్య సంతకంతో ఫిర్యాదు ఇస్తే చాలు, పోలీసులు ఓడెక్కించి వెనక్కి పంపుతారు. ఇదంతా కూతురికి వరసగా చెప్పాడు. ఆమె వింది. పోదాం పద అంది. అతను దాన్ని సరే అన్నట్టే తీసుకున్నాడు.

క్యాంపులో గుడారాల మధ్య ఇసుక మీద ఓబులేసు కనిపించాడు. చిక్కిపోయి ఉన్నాడు. ప్రమీలను చూసి నిలబడిపోయాడు. పిల్లను చూసి దగ్గరికి రాబోయి ఆగాడు. కామాక్షి తల్లి కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది. ఆమెకు తెలిసిన నాయన పటంలో మనిషి. ఈ మనిషి కాదు.

గుడారం గుమ్మంలో మాతిన్ నిలబడి ఉంది. నిండు నెలలు. భాష రాకపోయినా వచ్చిందెవరో ఆమెకు అర్థమైంది. పొట్టమీద చేయి పెట్టుకుని పక్కకు జరిగి దోవ ఇచ్చింది.

ఓబులేసు ఏదో చెప్పబోయాడు. ఎదురుచూశాననో, అమ్మ అనో, ఒంటరిగా అనో, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ప్రమీల అవేవీ అడగలేదు.

"ఈమెకు పురుడు ఎవరు పోస్తారు?"



క్యాంపు కచేరీలో పద్మనాభయ్య కాగితం రాయించి సిద్ధంగా పెట్టాడు. చదువుకున్న కుర్ర గుమాస్తా కలం ముంచి ప్రమీల చేతికిచ్చాడు. ఆమె పుచ్చుకోలేదు. తండ్రి మొదట నెమ్మదిగా చెప్పాడు. తర్వాత గట్టిగా చెప్పాడు. చట్టం మన వైపుంది, ఈ ఒక్కసారి మన వైపుంది, ఆ పొద్దు మనల్ని ఆపిన చట్టమే ఈ పొద్దు నీ మొగుణ్ణి నీకు తెచ్చిస్తుంది అన్నాడు. చివరికి చేతులు జోడించాడు. పద్మనాభయ్య ఒకరికి చేతులు జోడించడం ఎవరూ చూసి ఉండరు.

"నన్ను పంపియ్యనన్నది నువ్వే. ఆ మనిషిని పంపియ్యాలంటా ఉండేదీ నువ్వే. ఎప్పుడన్నా నన్నడిగినావా నాయనా?"

గుమాస్తా కలాన్ని సిరాబుడ్డి పక్కన పెట్టాడు. కాగితం మీద సంతకం చోటు ఖాళీగానే ఉంది. ప్రమీల పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది. గుడారాల వైపు తిరిగి చూడలేదు.

రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. బిడ్డ పోతుందేమోనని భయపడ్డానమ్మా అని చెప్పాలనుకున్నాడు. బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోతోంది. బాగానే ఉంది. ఇంక ఏం చెబుతాడు?

ఇల్లు చేరాక ప్రమీల పొయ్యి రాజేసి అన్నం వండింది. కంచం పెట్టింది. వడ్డించింది. మజ్జిగ చాలునా అని అడిగింది. పోవడానికి వేరే చోటు లేనివాళ్లు అడిగినట్టు అడిగింది. చాలునన్నాడు. అతను తిని లేచేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత కంచం తీసి పెరట్లోకి వెళ్లి తోమింది.