గ్లాస్ వూల్‌లో అతుకు

యాదయ్య నిచ్చెనెక్కి సీలింగు పలక పక్కకు జరిపాడో లేదో, కాలిన కంపు గుప్పుమంది. చప్పుడు బయటికి పోకుండా మీటింగు గది పైన పరిచిన గ్లాస్ వూల్, అదే గాజు దూది, జానెడు మేర నల్లగా మాడిపోయింది. దాని నడుమ వైరు అతుకు. చుట్టిన టేపు కరిగి కారింది.

ఆ అతుకు వేసింది ఇంకెవరో కాదు, తనే.

మాదాపూర్‌లోని ఈ ఆఫీసుకు ఆరు నెలల కిందట వైరింగ్ చేశాడు. ఆ దూదిలోంచి వైరు పోతే పైపులోనే పోవాలి, అతుకు పడితే డబ్బాలోనే పడాలి. ఇరవయ్యేళ్ల పనివాడికి ఈ మాత్రం తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కానీ మర్నాడే ఆఫీసు ప్రారంభం, సీలింగువాళ్లు పలకలు పట్టుకుని నెత్తిమీద కూర్చున్నారు. కప్పేస్తే ఎవడు చూడొచ్చాడులే అని ఉత్త వైరే గుంజేశాడు.

"ఏమైంది యాదయ్యా? వారం నుంచీ ఏసీ వేస్తే చాలు, కరెంటు పోతోంది," కింద నుంచి మేనేజరు రవికిరణ్ అడిగాడు.

"ఎలుకలు సార్. కొరికినయి."

అబద్ధం ఎంత సులువుగా ఊడిపడిందో! ఎలుకలకు నోరు లేదు గనక ఇలాంటి మేస్త్రీలు బతికిపోతున్నారు.

రవికిరణ్ మొహం చిట్లించి, "బాలమ్మా!" అని కేకేశాడు. ఆఫీసు ఊడ్చి తుడిచే బాలమ్మ పరుగున వచ్చింది. యాదయ్యకు పెద్దమ్మ కూతురు. "మా తమ్ముని పని మంచిగుంటది సార్" అని చెప్పి ఇక్కడ పని ఇప్పించింది ఆవిడే.

"ప్యాంట్రీలో తిండి ముక్కలు వదిలేస్తే ఎలుకలు రావా? రేపట్నుంచి ఇంకొకర్ని పంపమని మీ ఏజెన్సీకి చెప్తాను. నువ్వు రానక్కర్లేదు."

బాలమ్మ చేతులు జోడించింది. "ఒక్కసారి మాఫ్ చేయుండ్రి సారూ. ఇగ మెతుకు గూడ పడనియ్య." తర్వాత నిచ్చెన వైపు తలెత్తింది. "నా వల్ల నీకు తిప్పలైంది తమ్మీ. ఏమనుకోకు."

ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది యాదయ్యకు. రెండు మెట్లు దిగి ఆగాడు. నోరు విప్పితే తను పనులు పట్టుకునే మణికొండ దాకా పేరు చెడుతుంది. విప్పకపోతే అక్క నోటికాడి కూడు పోతుంది.

"సార్, ఎలుకలు గాదు. నేనే పైపు వెయ్యకుండ వైరు గుంజిన. అక్క తప్పేం లేదు."

"ఇంతమంది కూర్చునే చోటయ్యా ఇది!" అన్నాడు రవికిరణ్. "దిగు. మొత్తం వేరేవాళ్లతో విప్పించుకుంటాను." బాలమ్మ మొహం చూడలేక, "నువ్వు పని చూసుకోమ్మా" అన్నాడు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడ పోయింది? తల కొట్టేసినట్టయి, యాదయ్య పనిముట్ల సంచి ఎత్తుకుని లిఫ్టు దగ్గరికి నడిచాడు. వెనకే బాలమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండనుకున్నాడు కూడా.

ఆవిడ తిట్టలేదు. మెల్లగా అడిగింది.

"తమ్మీ, ఎండకాలంల బోరబండల మా ఇంటి రేకుల కింద థర్మాకోల్ కొట్టించినం గద. ఆడ వైరు గుంజింది గూడ నువ్వే. పైపు వేసినవా?"

"వెయ్యలే అక్కా," అన్నాడు యాదయ్య.

"పిల్లలు ఇంట్లనే ఉన్నరు తమ్మీ."

"ఫోన్ చెయ్యక్కా," అన్నాడు లిఫ్టు బటన్ నొక్కుతూ. "జల్ది మెయిన్ బంద్ చేయమను. నేను పోతున్న."