గురివింద గింజ ఎత్తు

ఇరవై ఆరో తూటా డొప్పలో మందు పోసి నూకరాజు ఇరవై ఏడో దాని మీదికి గరాటు జరుపుతున్నాడు. జనార్దనరావు జేబులో సెల్ ఫోను మోగింది.

నూకరాజు చెయ్యి ఆగింది. గరాటు పక్కన పెట్టాడు. చెక్క దిమ్మలోంచి ఇత్తడి డొప్పలు ఒక్కొక్కటే తీసి, ఇరవై ఆరింటిలోని మందూ తిరిగి డబ్బాలోకి వంచేశాడు. తొందరపడలేదు. కోపమూ పడలేదు.

"అయ్యో, ఎందుకంకుల్? కట్ చేసేశాగా!"

"నెక్క తప్పినాది బాబూ."

"ట్వంటీ సిక్స్ అయినయ్. నేను చూస్తూనే ఉన్నా."

"మీరు సూత్తే సాల్దు. నాకు తెలాల."

ఇది రెండోసారి. మొదటిసారి పన్నెండో డొప్ప దగ్గర జనార్దనరావు ఏసీ మరీ చల్లగా ఉందన్నాడు. అప్పుడు పన్నెండూ వంచేశాడు. ఆ గదిలో మందు పోసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, ఫోను లోపలికి తేకూడదు. ఆ మాట తలుపు మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది. జనార్దనరావు ఇంగ్లీషు బాగా చదువుకున్నవాడే.

"సారీ. స్విచాఫ్ చేస్తున్నా," అని అతను గోడకి ఆనుకున్నాడు. బ్యాంకు కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం వచ్చేసరికి తారీఖులు తలకిందులవుతాయట. వాటిని సరిచేసే కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఏడాదిగా శనివారాలు కూడా సెలవు లేదని చెప్పుకుంటాడు. అయినా శనివారాలు ఇక్కడే ఉంటాడు.

సింగపూరులో బూన్ లే దాటి బస్సులో ఇరవై నిమిషాలు పోతే వచ్చే షూటింగ్ క్లబ్బు అది. రేంజి వెనక ఆరడుగుల వెడల్పు గది. ఒక బల్ల, బల్లకి బిగించిన చేతి ప్రెస్సు, ఒక తక్కెడ, ఒక స్టూలు. సభ్యులు కాల్చి పారేసిన ఇత్తడి డొప్పలు ఏరుకొచ్చి, కడిగి, సాగినవాటిని ప్రెస్సులో నొక్కి, అడుగున కొత్త క్యాపు దిగగొట్టి, మందు పోసి, సీసపు గుండు బిగించి మళ్లీ తూటా చేయడం నూకరాజు పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని చేస్తున్నాడు. సోమవారం నుంచి ఫ్యాక్టరీ తూటాలు పెట్టెల్లో వస్తాయి. బల్ల తీసేస్తారు. గదిలో కూల్ డ్రింకుల మిషను పెడతారు. ఈ సంగతి అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నోటీసు బోర్డు మీద చదువుకున్నాడు.

అరవై ఏళ్ల మనిషి. పొట్టి. వేళ్లు మాత్రం పొడుగు, సన్నం, పంతొమ్మిదేళ్ల వాడి వేళ్లలా ఉంటాయి. కుడి బొటనవేలు గోరు ప్రెస్సు కింద నలిగి నల్లబడి అలాగే ఉండిపోయింది. కళ్లద్దాలకి ఒక పక్క కాడ బదులు దారం.

ఆ శనివారం అతనికి మిగిలిన పని ఒక్కటే. జనార్దనరావు కొత్త రివాల్వరు. ముప్పై రెండు బోరుది, చిన్నది. నేరేడు పండు రంగు ఉక్కు, అక్రోటు చెక్క పిడి. తూటాలుండే చక్రం తిప్పితే మంచి గడియారంలా టక్ టక్‌మని నిలిచేది. బుధవారం దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నూకరాజు రెండు నిమిషాలు తిరిగి ఇవ్వలేదు. ఏ ఆడపిల్ల చేతి గాజునీ అతను అంతసేపు చూసి ఉండడు.

బుధవారం చేసిచ్చిన యాభై తూటాలు బాగా లేవని జనార్దనరావు ఫిర్యాదు చేశాడు. ప్రతి ఆరింటిలో ఐదు గుండ్లు ఒక్క నాణెం కింద పడుతున్నాయి, ఆరోది రెండంగుళాల అవతలికి పోతోంది. రేపు పోటీ. చెడ్డ తూటా అని ఎవరైనా చెబితే, సాయంత్రం రేంజి మూసేలోగా కారణం తేలకపోతే, తూటా చేసినవాడి పేరు నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో రాస్తారు. అది క్లబ్బు పద్ధతి. ఇరవై ఎనిమిదేళ్లలో నూకరాజు పేరు ఆ బోర్డెక్కలేదు.

పొద్దున్నే రేంజి ఆఫీసరు కోహ్ తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. "అంకుల్, ఫైవ్ థర్టీ ఆ. దెన్ ఐ మస్ట్ రైట్. నో చాయిస్ లా."

"రైట్, రైట్," అన్నాడు నూకరాజు. కోహ్ మంచివాడే. మంచివాళ్లు కూడా రాస్తారు.

మూడోసారి మొదలుపెట్టాడు. ముందు తక్కెడ చూసుకున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. అందులో ఒక్క గురివింద గింజ. దాన్ని పట్టుకారుతో ఎత్తి పళ్లెంలో పెట్టాడు. ముల్లు రోజూ నిలిచే గీత మీదే నిలిచింది. అంటే ఇవాళ తక్కెడ నిజం చెబుతోంది. ఈ రివాల్వరుకి పోయాల్సిన మందు ఆ గింజ ఎత్తు కన్నా ఒక వెంట్రుక తక్కువ.

గింజ తండ్రిది. చోడవరం దగ్గర ఊళ్లో కంసాలి. బంగారం తూచేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, తలుపు కదపకూడదు. ఆరేళ్లప్పుడు నూకరాజు తుమ్మినందుకు చెవి మీద కొట్టాడు. ఆ చెవికి ఇప్పటికీ సగమే వినిపిస్తుంది. ఐదో తరగతితో బడి మాన్పించి కొలిమి ముందు కూర్చోబెట్టాడు. పద్దెనిమిదేళ్లకి నూకరాజు ఓడెక్కి ఇక్కడికి వచ్చి తెల్లవాళ్ల నేవల్ బేస్ ఆయుధాల డిపోలో చేరాడు. వచ్చేటప్పుడు తండ్రి డబ్బాలోంచి ఒక గింజ తీసుకున్నాడు. మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. గింజ ఒకటి తక్కువైందని రాశాడు తండ్రి. కొడుకు ఎలా ఉన్నాడో అడగలేదు. నూకరాజు జవాబు రాయలేదు. తండ్రి పోయాక కూడా, రాసి ఉండాల్సిందని అతనికి అనిపించలేదు.

తెల్లవాళ్లు బేస్ ఖాళీ చేసి పోయాక ఈ క్లబ్బు దొరికింది. తుమ్మకూడని పని మళ్లీ దొరికింది. ఈసారి కొట్టేవాడు లేడు. అంతకన్నా ఏం కావాలి?

యాభై డొప్పలూ నిండాయి. టార్చి వేసి ఒక్కొక్క దాంట్లోకీ చూశాడు. మందు అన్నిటిలో ఒకే ఎత్తున ఉంది. అప్పుడు గొంతు సవరించుకున్నాడు. అంటే ఇక మాట్లాడవచ్చని.

"మై గాడ్," అన్నాడు జనార్దనరావు. "ఇంత పేషెన్స్ నాకుంటే ఎక్కడో ఉండేవాణ్ని."

"ఎక్కడ బాబూ?"

జనార్దనరావు గడియారం చూసుకున్నాడు.

మొన లేని సీసపు గుండ్లు బిగించి, ముందు పన్నెండు తూటాలు తీసుకుని ఇద్దరూ రేంజిలోకి వచ్చారు. మధ్యాహ్నం వాన పడి ఆగింది. మట్టి కట్ట మీద నుంచి ఆవిరి లేస్తోంది. కోహ్ ఆయుధాగారం నుంచి రివాల్వరు తెచ్చి సంతకం తీసుకున్నాడు. జనార్దనరావు ఆరు కాల్చాడు. కాగితం దగ్గరికి లాగి చూస్తే ఐదు గుండ్లు కలిసి ఒక్క చిరుగు. ఆరోది ఎడమ పక్కన, ఒంటరిగా.

"సీ? నేనన్నానా? లోడ్ ప్రాబ్లమే అంకుల్. ఏమనుకోకండి."

నూకరాజు ఏమీ అనుకోలేదు. కాగితం వైపే చూస్తున్నాడు. యాభై తూటాలు చేస్తే చెడ్డవి ఎన్నైనా ఉండొచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు. సరిగ్గా ఆరింటికి ఒకటి చొప్పున చెడిపోవడం తూటాకి చేతకాదు. ఆరు లెక్క తూటాది కాదు. ఆరు లెక్క చక్రానిది.

"ఓపాలి ఇటివ్వండి బాబూ."

సుద్దముక్కతో చక్రం మీద ఆరు అరలకీ అంకెలు వేశాడు. మిగిలిన ఆరు తూటాలు నింపాడు. "ఒకటొకటిగా కాల్సండి. కాల్సినాక ఆగండి. నాను సూసి రాసుకుంతాను."

ఒకటి, రెండు, మూడు గుండ్లు మధ్యలో పడ్డాయి. నాలుగోది ఎడమకి పోయింది. ఐదు, ఆరు మధ్యలో. నమూనాకి వచ్చిన ఫ్యాక్టరీ తూటాలు ఆరు తెమ్మని కోహ్‌తో చెప్పాడు. మళ్లీ నాలుగో అరలోదే ఎడమకి పోయింది. జనార్దనరావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంటే... గన్‌లో డిఫెక్టా? కొత్తది అంకుల్! అమెరికా నుంచి ఆరు నెలలు పట్టింది!"

"ఉండండి. ఊరికే దాన్ని తిట్టకండి."

గంట ఐదు దాటింది. నూకరాజు ఖాళీ రివాల్వరుని బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఒక్కొక్క అరనీ గొట్టానికి ఎదురుగా నిలిపి, చక్రాన్ని రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి చూశాడు. ఒకటో అర కదల్లేదు. రెండు, మూడు రాయిలా ఉన్నాయి. నాలుగోది కదిలింది. కంటికి కనిపించేంత కాదు, వేలికి తెలిసేంత. చక్రం వెలుపల ఒక్కో అరకి ఒక్కో చిన్న గంటు ఉంటుంది. కింద నుంచి లేచే కొక్కెం ఆ గంటులో పూర్తిగా కూర్చుంటేనే అర గొట్టానికి సూటిగా నిలుస్తుంది. నాలుగో గంటు మీద టార్చి వేశాడు. అడుగు నల్లగా ఉంది. వెదురు పుల్ల చెక్కి, మొనతో గీకాడు. కందిబద్దలో సగమంత పెచ్చు ఊడి వచ్చింది. నూనెకి నల్లబడింది గాని, విరిస్తే లోపల ఎర్రన, పసుప్పచ్చన. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాబూ, దసరాకి దీనికి పూజ సేసినారేటి?"

జనార్దనరావు చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఆవిడ హైమ ఊరుకోలేదండీ. ఆయుధ పూజకి కారుకి చేశాం, కంప్యూటర్‌కి చేశాం, దీనికి చెయ్యకపోతే ఎలా అని. ఇంటికి తీసుకెళ్లనివ్వరు కదా. గంధం, కుంకుమ డబ్బాలో పెట్టి పంపింది. ఇక్కడ నిలబడి, తను ఫోన్‌లో చెప్తుంటే బొట్లు పెట్టాను."

"ఎన్ని బొట్లు?"

"గొట్టానికొకటి, పిడికొకటి, చక్రానికొకటి. తర్వాత శుభ్రంగా తుడిచేశానండీ!"

"పైన తుడిసినారు."

కోహ్ తలుపు దగ్గరే ఉన్నాడు. అతనికి తెలుగు రాదు గాని సంగతి అర్థమైంది. "హీ వాంట్ టు కట్ లెమన్ ఆల్సో, అంకుల్. ఐ సే కెనాట్!" అన్నాడు. నూకరాజు నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు. జనార్దనరావు కూడా నవ్వవలసి వచ్చింది.

గంటుని ఇత్తడి బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, మళ్లీ కదిపి చూశాడు. నాలుగోది రాయిలా నిలిచింది.

"మీరే కాల్చండి అంకుల్," అన్నాడు జనార్దనరావు. క్షమించమని అడగడం చేతకానివాళ్లు ఇలాంటి మాటలే అంటారు. పరీక్ష కోసమైతే సిబ్బంది కాల్చవచ్చునని నియమం ఉంది. కోహ్ తల ఊపాడు.

నూకరాజు తను చేసిన తూటాలే ఇంకో ఆరు నింపుకుని గీత దగ్గర నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. పిడి అతని అరచేతికి కాస్త పెద్దది. ఊపిరి బిగబట్టాడు. అది చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. చిన్న రివాల్వరు, చిన్న చప్పుడు. చెయ్యి పైకి ఎగరలేదు, ఎవరో వేలు పట్టుకుని మెల్లగా గుంజినట్టయింది. రెండోది. మూడోది. నాలుగోదానికి ముందు కాస్త ఆగాడు, భయపడి కాదు, ఆ సుఖం తొందరగా అయిపోకూడదని. కాల్చాడు. ఐదు. ఆరు.

కాగితం వచ్చింది. ఒకే చిరుగు. గురివింద గింజ పట్టేంత కాదు గాని, పది సెంట్ల నాణెం కప్పేస్తుంది.

"ష్యోక్ లా, అంకుల్!" అని మెచ్చుకున్నాడు కోహ్. ఎర్ర సిరా కలాన్ని జేబులోంచి తీసి సొరుగులో పడేశాడు. జనార్దనరావు ఆ కాగితం మీద సంతకం పెట్టమని అడిగాడు. నూకరాజు తెలుగులో పెట్టాడు. ఇంగ్లీషు సంతకం బ్యాంకుకీ, క్లబ్బుకీ మాత్రమే.

"రేపు మ్యాచ్‌కి రండి అంకుల్. కారు పంపిస్తా."

"రాను బాబూ. రేపు పడుకుంతాను."

గదికి తిరిగొచ్చి బల్ల తుడిచాడు. ప్రెస్సుకి నూనె రాశాడు, ఎల్లుండి ఊడబీకేవాడి కోసం. మందు డబ్బా కోహ్‌కి అప్పగించాడు. మిగిలిన ముప్పై రెండు తూటాలు పెట్టెలో సర్ది మూత వేశాడు. ఇంకొంచెంసేపు గదిలో ఏదో సర్దుకుని, లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. చేతిలో గొడుగు, టిఫిన్ డబ్బా. ఎవరితోనూ చివరిమాటలు చెప్పలేదు. చెప్పాల్సినంతగా ఎవరూ లేరు.

బస్సులో ఎడమ పక్క కిటికీ సీటు దొరికింది. హౌగాంగ్‌లో ఇంటికి వెళ్లేసరికి చీకటి పడుతుంది. వండుకోనక్కర్లేదు, పొద్దుటి చారు ఉంది. కుడిచెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. "నీ సేతికి ఏడాదంతా దీపావళే," అనేది భార్య సూరమ్మ. ఆమె పోయి తొమ్మిదేళ్లు. ఆ వాసన బాగుందని అన్నదో, బాగా లేదని అన్నదో అతను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఇవాళ మాత్రం బాగుందనే అనుకున్నాడు. గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టి, తల కిటికీకి ఆనించాడు.

బూన్ లేలో అందరూ దిగారు. డ్రైవరు రెండుసార్లు పిలిచి, వెనక్కి వచ్చి భుజం తట్టాడు. నూకరాజు అప్పటికే చనిపోయి ఉన్నాడు. చెయ్యి ఇంకా ముఖం దగ్గరే ఉంది.

ఆదివారం పోటీలో జనార్దనరావు మూడో స్థానంలో వచ్చాడు. సోమవారం ఇద్దరు పనివాళ్లు వచ్చి ప్రెస్సు విప్పారు, బల్ల మోసుకుపోయారు. యాభై గుంటల చెక్క దిమ్మ ఎవరికీ అక్కర్లేక కిటికీ గట్టు మీద ఉండిపోయింది. మొదటి వరసలో, నాలుగో గుంటలో, నల్లటి కన్ను పైకి పెట్టుకుని ఒక్క గురివింద గింజ.