ఎనిమిదో తరగతి బి సెక్షన్

నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "రేపు మీటింగులో నేను మాట్లాడాల్సింది రెండు పేజీల్లో రాసిపెట్టు. పెద్ద మాటలొద్దు, నాకు నోరు తిరగాలి" అన్నాడు. చేతులు తడిగా ఉన్నాయన్నాను. "తుడుచుకునే రాయి" అన్నాడు.

మేమిద్దరం ఒకే బడిలో సైన్సు చెప్తాం. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్ ఆయనది, బి నాది. ఆయన నోట్సు చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు. నా క్లాసులో పిల్లలు పాత సీసాలు, గొట్టాలు ముందేసుకుని ఏం జరుగుతుందో ఊహించి చెప్తారు, చేసి చూస్తారు, ఊహ తప్పితే ఎందుకు తప్పిందో పోట్లాడుకుంటారు. ఆ సీసాలన్నీ ఇంట్లో కడిగి ఆరబెట్టేది నేనే. "ఇల్లా, పాతసామాన్ల కొట్టా?" అనేది మా అత్తగారు. "నీ క్లాసు సంతలా ఉందమ్మా" అనేవారు హెడ్మాస్టరు గారు.

అర్ధ సంవత్సరం పరీక్షకి రెండు సెక్షన్లకీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చారు. ఆయన పేపర్లు కూడా ఎప్పటిలాగే నేనే దిద్దాను. ఎ సెక్షన్‌లో ఒకమ్మాయి అడగని ప్రశ్నకి జవాబు అక్షరం పొల్లుపోకుండా రాసింది. పాపం, అది తనకి వచ్చిన జవాబు. బి సెక్షన్ సగటు డెబ్భై రెండు, ఎ సెక్షన్‌ది నలభై తొమ్మిది. ఆ రోజు ఇంట్లో ఆయన నాతో మాట్లాడలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు ఇద్దర్నీ పిలిచి, ఈ పద్ధతి గురించి చుట్టుపక్కల బడుల టీచర్లకి చెప్పాలన్నారు. "సార్ చెప్తారులేమ్మా. మీరిద్దరూ వేరా ఏంటి?" నేను నోరు తెరిచేలోపే మా ఆయన తలూపాడు.

రాసిచ్చాను. రాయకపోతే ఇంట్లో ఎన్నాళ్లు మాటలుండవో నాకు తెలుసు. "నేను" అని రాసిన ప్రతిచోటా ఆ నేను ఆయనయిపోతాడని తెలిసే రాశాను.

మా బడిలోనే పెట్టిన మీటింగులో ఆయన చక్కగా చదివాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడొక టీచరమ్మ లేచి, "పిల్లలు తప్పు జవాబు చెప్తే మీరేం చేస్తారు సార్?" అని అడిగింది.

కాగితంలో అది లేదు.

"ఏముంది, సరైన జవాబు చెప్పి పదిసార్లు రాయిస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వెనక వరసలో ఉన్న నావైపు చూశాడు. పదకొండేళ్లుగా నాకు తెలిసిన చూపది. తాళంచెవి కనపడకపోతే అదే చూపు, నేను వెతికిచ్చేదాన్ని. లేచాను.

"ఆ క్లాసు నాదండీ. నేను చెప్తాను."

తప్పు జవాబు దొరికితేనే నాకు పాఠం దొరికినట్టని చెప్పాను. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. అయ్యాక హెడ్మాస్టరు గారితో రెండు నిమిషాలు మాట్లాడి బయటికొచ్చాను.

వరండాలో ఆయన పళ్లు బిగబట్టి, "పదిమందిలో పరువు తీశావు. ఇంటికి పద, అమ్మ ఆకలితో ఉంటుంది" అన్నాడు.

నా తరగతి గది చూడాలని నా వెనక డజనుమంది టీచర్లు నిలబడి ఉన్నారు.

"ఎ సెక్షన్ కూడా నాకే ఇమ్మని అడిగాను, సరేనన్నారు" అన్నాను. "వంట ఇవాళ్టి నుంచి మీది."